తెలుగు బ్లాగుకు ఏ సామాజిక మాధ్యమం సరిపోతుంది?

బ్లాగు మొదలుపెట్టిన వారంలోనే ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్, టెలిగ్రామ్ అన్నిట్లోనూ ఖాతాలు తెరిచేయడం తెలుగులో రాసేవాళ్లకు మామూలైపోయింది. నాలుగు నెలలు గడిచేసరికి వాటిలో చాలావరకు మూలనపడి ఉంటాయి. దీనికి బద్ధకాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఒక్కో మాధ్యమం చేసే పని ఒక్కో రకం. ఆ తేడా చూసుకోకుండా అన్నిచోట్లా అదే లింకును అతికిస్తూ పోతే ఎక్కడా ఫలితం కనిపించదు. ఫలితం కనిపించని పనిని ఎవరైనా ఎంతకాలమని చేస్తారు?

బ్లాగుకు సామాజిక మాధ్యమంతో పడే అవసరాలు రెండే. ఒకటి, ఆ బ్లాగు పేరే వినని మనిషి కంట పడటం. రెండు, ఒకసారి వచ్చి చదివి మెచ్చిన పాఠకుడికి కొత్త టపా (బ్లాగులో రాసిన వ్యాసం) పడిందన్న కబురు చేర్చడం. మొదటి పని బాగా చేసే చోటు రెండోదాన్ని సరిగా చేయదు. యూట్యూబ్ షార్ట్స్ కొత్తవాళ్లకు చూపిస్తుంది, వాళ్లే రేపు మళ్లీ చూస్తారన్న నమ్మకం లేదు. వాట్సాప్ ఛానల్ పాతవాళ్లకు కబురు తప్పక చేరుస్తుంది, కొత్తవాళ్లు దానంతట దాన్ని వెతుక్కుంటూ రావడం అరుదు. కాబట్టి ఎంచుకోవలసింది జంటను: కంట పడేందుకు ఒకటి, కబురందించేందుకు ఒకటి. ఉద్యోగమో చదువో చేసుకుంటూ రాసేవాళ్లకు అంతకు మించి సాగదు.

ఒకప్పుడు ఈ రెండు పనులూ ఒక్కచోటే జరిగేవి. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినుల్లో కొత్త టపాలన్నీ వరసగా కనిపించేవి. పాత పాఠకులూ కొత్త పాఠకులూ అక్కడికే వచ్చేవారు. తాము ఎంచుకున్న బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపే ఫీడ్ రీడర్లు వాడేవాళ్లకు గూగుల్ రీడర్ ఉండేది, అది 2013 జూలైలో మూతపడింది. బ్లాగర్ వేదిక మీద ఉన్నవాళ్లు పక్కపట్టీలో పెట్టుకున్న ఈమెయిల్ చందా పెట్టె ఫీడ్‌బర్నర్ మీద నడిచేది, ఆ సౌకర్యం 2021లో ఆగిపోయింది. అది ఆగిన సంగతి గమనించని బ్లాగులు ఇంకా ఉన్నాయి. పాఠకుడు తన చిరునామా ఇస్తాడు, ఉత్తరం మాత్రం ఎప్పటికీ రాదు.

ముందు చూడాల్సింది లింకును

ఏ మాధ్యమంలో ఎంతమంది ఉన్నారన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. బ్లాగరుకు దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: అక్కడున్న మనిషి ఒక్క నొక్కుతో బయటికి రాగలడా? ఏ మాధ్యమమైనా తన వాడుకరి తనలోనే ఉండిపోవాలని కోరుకుంటుంది. లింకు అంటే బయటికి తీసిన తలుపు. ఆ తలుపును ఒక్కొక్కరు ఒక్కో మేరకు మూసి ఉంచారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసే వివరణలో లింకు పెడితే అది నొక్కడానికి పనికిరాని ఉత్త అక్షరాలుగా మిగులుతుంది. పని చేసే లింకులు అక్కడ రెండు చోట్ల ఉంటాయి. ప్రొఫైల్‌లో అయిదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. ఈ వీలు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. స్టోరీలో లింకు స్టిక్కర్ అతికించవచ్చు. ఇది 2021 అక్టోబరు నుంచి అనుచరుల సంఖ్యతో పని లేకుండా దాదాపు అందరికీ అందుబాటులో ఉంది. స్టోరీ ఆయుష్షు 24 గంటలే కనుక, అవసరమైనవాటిని హైలైట్స్‌లో దాచుకోవాలి.

యూట్యూబ్ షార్ట్స్ వివరణలో, వ్యాఖ్యల్లో పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి పనిచేయడం మానేశాయి. పొడవు వీడియోల వివరణలో మాత్రం పనిచేస్తాయి, అదీ ఛానల్ ధృవీకరణ పూర్తయ్యాక. అంటే షార్ట్ చూసినవాడు బ్లాగుకు రావాలంటే రెండు మెట్లు ఎక్కాలి. షార్ట్‌కు జతచేసిన సంబంధిత వీడియో మీద నొక్కాలి, ఆ వీడియో వివరణ తెరిచి లింకు పట్టుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా చాలామంది ఆగిపోతారు.

ఎక్స్‌లో లింకు నొక్కవచ్చు. అయితే ప్రధాన పోస్టులో విషయం రాసి లింకును దాని కింది జవాబులో పెట్టమని 2024 నవంబరులో ఎలాన్ మస్కే సలహా ఇచ్చాడు. లింకుతో మొదలయ్యే పోస్టు అక్కడ ఎంత దూరం వెళ్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఫేస్‌బుక్‌లో లింకు నొక్కవచ్చు, కానీ 2018 జనవరిలో స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు ముందు పీట వేస్తామని ఆ సంస్థ ప్రకటించిన నాటి నుంచి పేజీల మాట చాలావరకు వెనకబడింది. వాట్సాప్, టెలిగ్రామ్, పింటరెస్ట్‌లలో లింకు ఏ ఆటంకమూ లేకుండా తెరుచుకుంటుంది.

తలుపు మూసి ఉన్న చోట లింకు బదులు పేరు ప్రయాణం చేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ రీలో, షార్టో చూసి ఆసక్తి కలిగినవాడు బ్లాగు పేరును గూగుల్‌లో కొడతాడు. అక్కడ మొదటి ఫలితంగా బ్లాగే రావాలి. అందుకే పేరు పలకడానికి తేలికగా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒకే దారి ఉండేలా చూసుకోవాలి. దీర్ఘాలూ ఒత్తులూ ఎక్కువున్న సంస్కృత సమాసాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. అలాంటి పేరు పెట్టుకున్నవాళ్లు ఆ రూపాలన్నీ బ్లాగు 'గురించి' పేజీలో ఒక వాక్యంలో రాసి ఉంచితే వెతుకులాటలో కొంత కలిసొస్తుంది. అన్ని మాధ్యమాల్లోనూ ఖాతా పేరు ఒకటే ఉండాలి.

విషయాన్ని బట్టి జంట

వంటల బ్లాగుకు కంట పడే చోటు ఇన్‌స్టాగ్రామో యూట్యూబో అవుతుంది. గోంగూర పచ్చడి రంగు, పూతరేకు పొర పలచదనం కంటికి చూపించాల్సినవి. అక్కడ చెయ్యగూడని పని ఒకటుంది: కొలతలన్నీ రీల్‌లోనే చెప్పేయడం. చేసే తీరు చూపించి, గ్రాముల్లో కొలతలు, ఊరగాయ ఉప్పు-కారం పాళ్లు, నిల్వ ఉండే కాలం, అది పాడయ్యే కారణాలు బ్లాగులో ఉంచాలి. వంట చేస్తూ చేస్తూ వీడియోను వెనక్కి తిప్పుకోవడం కష్టం, కొలతల పట్టీ తెరిచిపెట్టుకోవడం తేలిక. చూసినవాడికి బ్లాగుకు రావడానికి నిజమైన కారణం అదే.

ముగ్గులు, జాకెట్టు డిజైన్లు, పండుగ అలంకరణల బ్లాగులకు పింటరెస్ట్ బాగా పనికొస్తుంది. తెలుగువాళ్లు దాన్ని తక్కువగా తలుచుకుంటారు. అక్కడ బొమ్మ మీద నొక్కితే నేరుగా టపాకే పోవచ్చు, ఏడాది కిందటి పిన్ను (అక్కడ పెట్టిన బొమ్మ) కూడా వెతుకులాటలో తేలుతుంది. బొమ్మ నిలువుగా, రెండుకు మూడు పాళ్లలో, అంటే 1000 పిక్సెళ్ల వెడల్పు, 1500 పిక్సెళ్ల ఎత్తున ఉండాలి. వివరణలో తెలుగు మాటతోపాటు ఇంగ్లిష్ అక్షరాల్లో 'ముగ్గులు', 'కోలం', 'రంగోలి' మూడూ ఉంటే తమిళనాడు, కర్ణాటకల్లో వెతికేవాళ్లకూ చిక్కుతుంది. ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలవుతుంది కనుక చుక్కల ముగ్గులు నవంబరు మొదటి వారానికే పిన్ను చేసి ఉండాలి. భోగి ముందురోజు పెట్టిన పిన్ను ఆ సంక్రాంతికి ఎవరికీ కనపడదు.

పోటీ పరీక్షల బ్లాగుకు టెలిగ్రామ్‌ను మించింది లేదు. గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు అక్కడే గుమిగూడి ఉంటారు. ఛానల్‌లో చేరేవారి సంఖ్యకు పరిమితి లేదు. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు నుంచి పెట్టినవన్నీ కనిపిస్తాయి, వెతుక్కోవచ్చు. ప్రతి పోస్టుకూ ఎన్ని చూపులు పడ్డాయో కింద అంకె ఉంటుంది. అక్కడి చిక్కు పీడీఎఫ్‌లు. నోట్సు మొత్తం పీడీఎఫ్‌గా ఇచ్చేస్తే అది వంద గుంపులకు వెళ్తుంది, బ్లాగుకు ఒక్కరూ రారు. పీడీఎఫ్ ప్రతి పుటలోనూ బ్లాగు చిరునామా, తయారైన తేదీ ఉండాలి. ప్రకటనల మార్పులు, జవాబుల కీలో దిద్దుబాట్లు బ్లాగు టపాలోనే పెట్టాలి. 'తాజా ప్రతి ఇక్కడ' అన్న వరస పాతబడిన పీడీఎఫ్‌నుంచి కూడా మనిషిని లాక్కొస్తుంది. కోచింగ్ సంస్థల పుస్తకాలను స్కాన్ చేసి పెట్టే ఛానళ్లు త్వరగా పెరుగుతాయి, కాపీరైటు ఫిర్యాదుతో అంతే త్వరగా పోతాయి. ఆ దారి పట్టకూడదు.

కథలు, కవిత్వం, పుస్తక పరిచయాలు, చరిత్ర రాసేవాళ్ల పాఠకులు ఇప్పటికీ ఫేస్‌బుక్‌లోనే ఎక్కువ. తెలుగు సాహిత్య చర్చ సంకలినుల దగ్గర పలచబడ్డాక అక్కడికే చేరింది. ఇక్కడ పేజీ తెరిచి ఎదురుచూడటం కంటే సొంత ప్రొఫైల్ నుంచి రాయడం మంచిది. స్నేహితుల సంఖ్యకు 5000 పరిమితి ఉన్నా, ఆ తర్వాత వచ్చేవాళ్లు అనుసరించవచ్చు. పోస్టులో మొదటి నాలుగైదు వరసలే కనిపించి మిగతాది 'ఇంకా చూడండి' వెనక దాగుతుంది. టపాలోని అసలు వాదన ఆ నాలుగు వరసల్లోనే ఉండాలి. 'నా కొత్త టపా, చదివి అభిప్రాయం చెప్పండి' అన్న వాక్యానికి లైకులు వస్తాయి, పాఠకులు రారు.

లింకును మొదటి వ్యాఖ్యలో పెట్టే అలవాటు ఫేస్‌బుక్‌లో బాగా ఉంది. పోస్టు ఎక్కువమందికి చేరుతుందన్న ఆశతో అలా చేస్తారు. కానీ ఎవరైనా ఆ పోస్టును షేర్ చేసినప్పుడు వ్యాఖ్యలు వెంట రావు, షేర్ అయిన ప్రతిలో లింకు ఉండదు. సాహిత్య టపాలు వ్యాపించేది షేర్లతోనే కాబట్టి లింకు పోస్టులోనే ఉండటం మేలు.

గుంపుల సంగతి వేరు. ఒకే లింకును పావుగంటలో పదిహేను గుంపుల్లో పెడితే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్‌గా లెక్కేసి ఖాతాను కొన్నాళ్లు పోస్టు చెయ్యనివ్వదు. ఒక్కోసారి ఆ బ్లాగు చిరునామానే అడ్డుకుంటుంది. అప్పుడు పాఠకులు మెచ్చి పెట్టిన లింకులు కూడా పోతాయి. ఇది చాలా పెద్ద నష్టం, తిరిగి సరిచేయించుకోవడానికి వారాలు పట్టవచ్చు. వారానికి రెండు గుంపులు చాలు, వాటిలోనూ ముందు కొన్నాళ్లు ఇతరుల పోస్టులకు బదులిచ్చి ఉండాలి. రెడ్డిట్‌లో తెలుగు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, హైదరాబాదు విభాగాలున్నాయి. సొంత లింకు పెట్టేవాళ్లను అక్కడ ఇంకా తక్కువగా సహిస్తారు.

సాగు, పశుపోషణ మీద రాసేవాళ్లు యూట్యూబ్ పొడవు వీడియోతో మొదలుపెట్టాలి. తెగులు ఆకు మీద ఎలా కనిపిస్తుందో రైతు తన చేలో ఆకుతో పోల్చి చూసుకోవాలి. మందు పేరు, లీటరు నీటికి మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలన్నది మాటల్లో విని రాసుకుంటే పొరపాటు జరుగుతుంది. ఆ పట్టిక బ్లాగులో ఉండాలి, దాని లింకు వీడియో వివరణలో మొట్టమొదటి వరసగా ఉండాలి. 'మరిన్ని' నొక్కకుండా కనిపించేది ఆ పై వరసలే.

సాంకేతిక విషయాలు, ఉద్యోగాల మీద రాసేవాళ్లకు లింక్డ్‌ఇన్ సరిపోతుంది, అక్కడ తెలుగులో రాసేవాళ్లు తక్కువ కనుక తెలుగు పోస్టు వేరుగా కనిపిస్తుంది. రాజకీయ, సినిమా వ్యాఖ్యానానికి ఎక్స్. అక్కడ తెలుగుకు ఒక చిక్కుంది. 280 అక్షరాల లెక్కలో గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, ఎక్స్‌కు ఆరు. 'రాష్ట్రం' ఎనిమిది. ఏ లింకైనా 23 అక్షరాలు తీసుకుంటుంది. మిగిలిన చోటులో ముప్పయి మాటలు పట్టడమే గగనం. కాబట్టి ఒకే వాక్యం, ఒకే వాదన.

వాట్సాప్: కబురందించే చోటు

పై విషయాల్లో దేనికైనా జంటలో రెండోది దాదాపు ఎప్పుడూ వాట్సాపే అవుతుంది (పరీక్షల బ్లాగుకు మాత్రం టెలిగ్రామే రెండు పనులూ చేస్తుంది). తెలుగు చదివే అమ్మమ్మ నుంచి అమెరికాలో ఉన్న మనవడి దాకా అందరి ఫోన్లలోనూ ఉండేది అదొక్కటే. కానీ వాట్సాప్‌లో మూడు వేర్వేరు వసతులున్నాయి, వాటిని కలగలిపితే చిక్కు వస్తుంది.

బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. పైగా పంపేవాడి నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. జాబితాలో రెండు వందల మంది ఉన్నా నంబరు దాచుకున్నవారు ఎనభై మందే అయితే మిగతావారికి ఏమీ రాదు, పంపినవాడికి ఆ సంగతి తెలియదు. గుంపులో 1024 మంది దాకా ఉండవచ్చు, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. స్త్రీలు ఎక్కువగా చదివే బ్లాగులకు ఇదొక్కటే గుంపు వద్దనడానికి చాలిన కారణం. అదీగాక శుభోదయం బొమ్మల మధ్య టపా లింకు మునిగిపోతుంది.

ఛానల్ ఇందుకు తగినది. మన దేశంలో 2023 సెప్టెంబరులో వచ్చింది. చేరినవాళ్ల నంబర్లు తోటివాళ్లకు కనపడవు, నడిపేవాడి నంబరూ బయటపడదు. ఎంతమందైనా చేరవచ్చు. రెండు లోపాలు గుర్తుంచుకోవాలి. ఛానల్ పోస్టులను వాట్సాప్ తన సర్వర్లలో 30 రోజుల వరకే ఉంచుతుంది, కనుక పాత టపాల సూచిక బ్లాగులోనే ఉండాలి. రెండోది, చేరినవాళ్లకు మొదట మోగే గంట ఆపేసి ఉంటుంది. ఛానల్ లింకు ఇచ్చేటప్పుడే 'చేరాక గంట గుర్తు నొక్కండి' అని ఒక మాట కలపాలి.

ఛానల్‌లో చేరమని ఎక్కడ అడగాలన్నది కూడా లెక్కే. బ్లాగు నెత్తిన పెట్టిన పట్టీని ఎవరూ చూడరు. టపా చివరిదాకా చదివినవాడే మళ్లీ వస్తాడు, అందుకే పిలుపు టపా చివర, వ్యాఖ్యల పెట్టెకు పైన ఉండాలి. వారానికి రెండు మూడు పోస్టులకు మించితే గంట ఆపేస్తారు.

ఫార్వర్డు విషయంలో తెలుగు వాట్సాప్‌కు ఒక పాత జబ్బుంది. టపా మొత్తాన్ని కాపీ చేసి, రాసినవారి పేరు తీసేసి, కింద 'సేకరణ' అని పెట్టి తిప్పుతారు. నాలుగు చేతులు మారాక అది ఎవరిదో తెలియదు. రచయితకు ఇది నిజమైన అన్యాయం, దీన్ని పూర్తిగా ఆపే మార్గమూ లేదు. నష్టం తగ్గించడానికి ఛానల్‌లో టపా మొత్తం పెట్టకుండా, తెగిన చోట కుతూహలం మిగిలేలా రెండు పేరాలు పెట్టి లింకు ఇవ్వాలి. పేరూ లింకూ చివర ఉంటే తేలికగా కత్తిరిస్తారు, మొదటి పేరా తర్వాత నడుమ ఉంటే కత్తిరించడానికి కొంచెం శ్రమ పడాలి. ఏ సందేశాన్నీ ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డు చెయ్యలేరు. చాలాసార్లు చేతులు మారినదైతే ఒక్కదానికే. అందుకే పాతబడిన ఫార్వర్డు నెమ్మదిస్తుంది, ఛానల్ నుంచి తాజాగా వెళ్లినది ముందుకు నడుస్తుంది.

లింకు కనిపించే తీరు

లింకు పెట్టినప్పుడు వచ్చే చిన్న పెట్టె, అందులో బొమ్మ, శీర్షిక, ఒక వరస వివరణ: చాలామంది నొక్కాలా వద్దా అన్నది వాటిని చూసే తేల్చుకుంటారు. ఈ మూడూ పుట కోడులో దాగి ఉండే ఓపెన్ గ్రాఫ్ ట్యాగుల నుంచి వస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో యోస్ట్, ర్యాంక్ మ్యాథ్ వంటి ప్లగిన్లు వాటిని పెడతాయి. బ్లాగర్‌లో టపాకు వివరణ రాయాలంటే ముందు సెట్టింగుల్లో మెటా ట్యాగుల వివరణను ఆన్ చెయ్యాలి. ఆ తర్వాతే టపా పక్కన వివరణ గడి కనిపిస్తుంది.

బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు, 630 పిక్సెళ్ల ఎత్తున ఉండాలి, బరువు 300 కిలోబైట్లకు లోపే ఉంచాలి. ఫోను తీసిన నాలుగు మెగాబైట్ల ఫొటోను అలాగే పెడితే వాట్సాప్‌లో పెట్టెలో బొమ్మ రాదు, లింకు మాత్రం కనిపిస్తుంది. వాట్సాప్‌లో పెట్టెను తయారుచేసేది పంపేవాడి ఫోనే. లింకు అతికించి, పెట్టె పైన కనిపించేదాకా రెండు మూడు సెకన్లు ఆగి అప్పుడు పంపాలి. ఫేస్‌బుక్ ఒకసారి చదివిన బొమ్మను దాచుకుంటుంది. టపాలో బొమ్మ మార్చినా పాతదే చూపిస్తుంటే ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్‌లో లింకు వేసి మళ్లీ చదివించాలి.

టపా చిరునామాను తెలుగు అక్షరాల్లో ఉంచడం కంటికి ముచ్చటగానే ఉంటుంది. కాపీ చేసి అతికిస్తే మాత్రం ప్రతి తెలుగు అక్షరం శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తులుగా మారుతుంది. 'సంక్రాంతి ముగ్గులు' అన్న రెండు మాటలే 154 గుర్తులవుతాయి. వాట్సాప్‌లో తెర నిండా పాకే ఆ వరసను చూసి మోసపు లింకేమో అనుకుని వదిలేసేవాళ్లున్నారు. వర్డ్‌ప్రెస్ చిరునామాకు 200 గుర్తులే ఇస్తుంది, అంటే గుణింతాలూ పొల్లులూ కలిపి ఇరవై రెండు దగ్గర మాట నడుమ తెగుతుంది. బ్లాగర్ తీరు దీనికి తలకిందులు: తెలుగు శీర్షికను అసలు తీసుకోక, 'బ్లాగ్ పోస్ట్' అన్న మాట పక్కన ఒక అంకె వేసి ఊరుకుంటుంది. రెంటికీ మందు ఒకటే. ప్రచురించే ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటల చిరునామాను చేత్తో ఇవ్వాలి. ప్రచురించాక మారిస్తే అప్పటికే తిరుగుతున్న లింకులు తెగిపోతాయి.

బొమ్మ మీద తెలుగు రాసేటప్పుడు 'అను' అనే పాత డీటీపీ ఫాంట్లకు బదులు యూనికోడ్ ఫాంట్లు వాడాలి. గూగుల్ ఫాంట్లలో రామభద్ర, మండలి, సూరన్న, తిమ్మన, ఎన్టీఆర్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర వంటి బొద్దు ఫాంటు చిన్న తెర మీదా చదవడానికి వీలుగా ఉంటుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి, ఎడం ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. బొమ్మ మీద ఆరు మాటలకు మించితే ఫోనులో చదవలేరు.

ఏ దారిన వస్తున్నారో తెలుసుకోవడం

వాట్సాప్ నుంచి వచ్చినవారు గణాంకాల్లో చాలావరకు 'డైరెక్ట్' కింద పడతారు, ఎందుకంటే ఎక్కడి నుంచి వచ్చారో యాప్ చెప్పదు. ఫేస్‌బుక్ నుంచి వచ్చినవారు ఫేస్‌బుక్ పేరుతోనే కనిపిస్తారు. ఆ పట్టీని చూసి 'ఫేస్‌బుక్కే నడుపుతోంది, వాట్సాప్ వల్ల ఏమీ లేదు' అనుకుని ఛానల్ మూసేసే ప్రమాదముంది. దీనికి యూటీఎం గుర్తులున్నాయి. లింకు చివర ప్రశ్నార్థకం తర్వాత మూలం, మాధ్యమం, ప్రచారం అన్న మూడు విలువలు కలుపుతారు. గూగుల్ ఇచ్చే క్యాంపెయిన్ యూఆర్‌ఎల్ బిల్డర్‌లో గడులు నింపితే లింకు తయారవుతుంది. ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు వేర్వేరుగా లెక్కకొస్తాయి కనుక అన్నీ చిన్నబడిలోనే రాయాలి. ఛానల్‌కు ఒక గుర్తు, టపా కింద ఉండే షేర్ బొత్తానికి ఇంకొకటి పెడితే, తాము పంపినందువల్ల వచ్చినవారూ పాఠకులు పంపినందువల్ల వచ్చినవారూ విడిగా తెలుస్తారు. బ్లాగు లోపలి లింకులకు మాత్రం ఈ గుర్తులు తగిలించకూడదు, పాఠకుడు అసలు ఎక్కడి నుంచి వచ్చాడన్నది చెరిగిపోతుంది.

గూగుల్ అనలిటిక్స్‌లో చూడాల్సింది రాకల సంఖ్య ఒక్కటే కాదు, చదివిన సగటు సమయం కూడా. తెలుగులో వెయ్యి మాటల టపా చదవడానికి అయిదారు నిమిషాలైనా పడుతుంది. ఒక మాధ్యమం నుంచి మూడు వందల మంది వచ్చి పది సెకన్లలో వెళ్లిపోతుంటే, మరొకదాని నుంచి నలభై మంది వచ్చి నాలుగు నిమిషాలు ఉంటే, నిలబెట్టుకోవాల్సింది రెండోదాన్ని. మొదటిచోట శీర్షికకూ టపాకూ పొంతన లేకపోవడమో, పుట నెమ్మదిగా తెరుచుకోవడమో జరుగుతుంటుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తమ లోపలి బ్రౌజర్‌లో పుట తెరుస్తాయి. అందులో ఒకసారి తెరిచి చూస్తే పాఠకుడికి కనిపించే ప్రకటనల అడ్డంకులు తెలుస్తాయి.

వేళ విషయంలో రెండు తీరాల పాఠకులున్నవారికి ఉదయం ఏడున్నర అనువైనది. వేసవిలో అప్పుడు న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి పది, కాలిఫోర్నియాలో సాయంత్రం ఏడు. చలికాలంలో అక్కడి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఇక్కడివాళ్లే చదివే బ్లాగుకైతే రాత్రి తొమ్మిది ప్రాంతం మంచిది. వంటల టపాకు మాత్రం శనివారం మధ్యాహ్నం.

ఒక జంటకు పన్నెండు టపాల గడువు ఇవ్వాలి. వారానికొకటి రాసేవాళ్లకు అది మూడు నెలలు. అంతకుముందే మార్చేస్తే తప్పు మాధ్యమానిదో టపాదో తేలదు.

సొంత జాబితా, వదిలే పద్ధతి

ఆర్కుట్ 2014 సెప్టెంబరులో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించింది. తెలుగుకు చోటిచ్చిన 'కూ' యాప్ 2024 జూలైలో ఆగిపోయింది. అక్కడ పోగుచేసుకున్న అనుచరులను వెంట తెచ్చుకునే వీలు ఎవరికీ దొరకలేదు. ఛానల్ అనుచరుల నంబర్లు నడిపేవాడికి కూడా చేతికి రావు కనుక వాట్సాప్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈమెయిల్ జాబితా ఒక్కటే దింపుకుని వేరే చోటికి తీసుకుపోగలిగింది. తెలుగు పాఠకుల్లో ఈమెయిల్ తెరిచి చదివేవాళ్లు తక్కువన్నది నిజమే. విదేశాల్లో ఉన్నవారు, సాహిత్యం, చరిత్ర చదివేవారు మాత్రం చదువుతారు. వర్డ్‌ప్రెస్.కామ్ బ్లాగులకు చందా సౌకర్యం లోపలే ఉంది. బ్లాగర్ వాడేవాళ్లు ఫీడును ఈమెయిల్‌గా మార్చే సేవను జతచేసుకోవాలి. ఆర్నెల్లకోసారి జాబితాను ఫైలుగా దింపుకుని సొంత డ్రైవులో ఉంచుకోవాలి. ఆ చిరునామాలు పాఠకులు నమ్మి ఇచ్చినవి కాబట్టి చందా మానుకునే లింకు ప్రతి ఉత్తరంలోనూ తప్పక ఉండాలి.

గడువు ముగిశాక పనిచేయని మాధ్యమాన్ని వదిలేటప్పుడు ఖాతాను చెరిపెయ్యకూడదు. చెరిపితే ఆ పేరును మరొకరు తీసుకునే వీలు కలగవచ్చు, పాత టపాల్లో ఉన్న ఖాతా లింకులు చచ్చిపోతాయి. చివరి పోస్టుగా 'కొత్త టపాలు ఇకపై ఇక్కడ' అని బ్లాగు చిరునామా, వాట్సాప్ ఛానల్ లింకు రాసి పైన పిన్ను చెయ్యాలి. రెండంచెల ధృవీకరణ ఆన్ చేసి ఉంచాలి. ఎవరూ చూడని ఖాతాలనే దొంగలు పట్టుకుని, రచయిత పేరుతో పాఠకులను డబ్బు అడుగుతారు. ప్రొఫైల్‌లో ఉన్న ఈమెయిల్, ఫోను నంబరు ఇంకా వాడుకలో ఉన్నవేనా అని చూసుకున్నాకే పక్కన పెట్టాలి. బ్లాగు పక్కపట్టీలోంచి ఆ మాధ్యమం గుర్తును అదే రోజు తీసేయాలి.